బట్టమేక పిట్ట కోసం జైసల్మేర్: చూశాను, ఫొటోలు మాత్రం అడక్కండి

పొద్దుపొడుపు:
బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఎడారి జాతీయ వనం వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా. పెద్ద పోస్టు, తీరిగ్గా చదువుకోండి.

పేరుకు జాతీయ వనమే గానీ కాగితాల మీద అది అభయారణ్యం. 1980లో ప్రకటించారు. జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో కలిపి 3,162 చదరపు కిలోమీటర్లు. అడవి అనుకుని వెళ్తే బోల్తా పడతారు. లోపల ఊళ్లున్నాయి, మేకల మందలున్నాయి, ఒంటెలున్నాయి, చేలున్నాయి. కంచె వేసి పశువులు రాకుండా కాపాడే ముక్కలు కొన్నే. వాటిలో సుదాసరి ఒకటి, మనలాంటివాళ్లను ఎక్కువగా తీసుకెళ్లేది అక్కడికే. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. పాకిస్తాన్ సరిహద్దు దగ్గర కాబట్టి గుర్తింపు కార్డు జేబులోనే ఉండాలి.

సామ్ ఇసుక దిబ్బల దగ్గరి ఒంటె సవారీల గోల వెనకబడ్డాక నేల మారిపోతుంది. ఇసుక తగ్గి గట్టి నేల, దాని మీద గుబురు గుబురుగా సేవణ్ గడ్డి. అక్కడక్కడా జమ్మి, కరీర పొదలు. మొదటి పూట బట్టమేక జాడ లేదు. కానీ చింకారాలనే జింకలు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి, ఎడారి నక్క ఒకటి బొరియ బయట ఎండ కాచుకుంటోంది, ఒక కళేబరం మీద మూడు రకాల రాబందులు ఒకేసారి దిగాయి. రాబందులు చూసి ఎన్నాళ్లయిందో! ఆ పూట అదొక్కటి చాలనిపించింది నాకు.

మర్నాడు పొద్దు పొడవకముందే కంచె దగ్గరున్నాం. గార్డు వేలు పెట్టి చూపించినా నాకు గడ్డి తప్ప ఏమీ ఆనలేదు. కాసేపటికి గడ్డిలోంచి తెల్లటి కర్ర ఒకటి లేచింది, దానికో నల్లటోపీ. అది మెడ! స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దుర్బిణి) పెట్టి చూస్తే కింద ఒళ్లంతా గోధుమ రంగు, రొమ్ము మీద అడ్డంగా నల్లటి పట్టీ. మగది. మీటరు ఎత్తు పక్షి అంటే పుస్తకంలో చదవడం వేరు, పక్కన నడుస్తున్న చింకారాతో పోల్చి చూడటం వేరు. అడుగు తీసి అడుగు వేయడంలో తొందరన్నది లేదు. నాలుగడుగులు, ఆగడం, తల కొంచెం పైకెత్తి చుట్టూ చూడటం, వంగి ఏదో పొడుచుకోవడం. వెనక ఇంకో రెండు ఆడవి, కొంచెం చిన్నవి, మెడ బూడిద రంగు. గార్డు వాటిని ‘గోడావణ్’ అంటున్నాడు, అక్కడ అందరూ అదే పేరు.

అర కిలోమీటరు పైనే దూరం. ఎండ ఎక్కేసరికి నేల మీంచి ఆవిరి లేచి స్కోప్‌లో పక్షి కరిగిపోయినట్టు వణికింది. అప్పటికి ఆపేశాం.

తిరిగొస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంది. కంచె దాటి కొంచెం దూరం వచ్చామో లేదో, ఆకాశం అడ్డంగా తీగలే తీగలు. గాలిమరలు, టవర్లు. ఆ పక్షులు కంచెలోనే ఉండిపోవు కదా.

లెన్స్‌రాజు:
అన్నా కేక! లైఫర్ (జీవితంలో మొదటిసారి చూసిన పక్షి) పడ్డందుకు అభినందనలు. కానీ ఫొటో లేకుండా ఇంత రాస్తే ఎలా? నా దగ్గర 600 ఎంఎం ఉంది, కన్వర్టర్ కూడా. జీపు ఎంత దగ్గరికి పోనిస్తారు? కంచెకు ఏ మూల నుంచి చూశారో లొకేషన్ పిన్ ఇక్కడే పడేయండి, వచ్చే నెల మేం నలుగురం పోతున్నాం.

పొద్దుపొడుపు:
ఫొటో తీశాను తమ్ముడూ. చూస్తే మీకే నవ్వొస్తుంది, గోధుమ రంగు చుక్క. జీపు దారి దిగదు, దిగనివ్వరు. పిన్ ఇవ్వను, కోపం తెచ్చుకోకండి.

నిర్వాహకులు:
గుర్తు చేస్తున్నాం: గూళ్లు, ప్రమాదంలో ఉన్న పక్షులు దిగే చోట్ల కచ్చితమైన లొకేషన్లు ఈ వేదికలో పెట్టకూడదు. అభయారణ్యం పేరు చెప్పుకోవచ్చు.

లెన్స్‌రాజు:
నిబంధనలకు నమస్కారం గానీ, ఒక్క మాట. సుదాసరి పేరు ప్రతి టూరు ప్యాకేజీలో ఉంది. గూగుల్‌లో కొడితే దారి చూపిస్తుంది. సాటి పక్షి ప్రేమికులకు మాత్రం చెప్పకూడదా? దాచిపెట్టే వాళ్లంతా తమకు తెలిసిన గైడ్ల చేతే చూస్తారు, కొత్తగా వచ్చేవాళ్లే నష్టపోతారు. ఎవరూ చూడని పక్షిని ఎవరు కాపాడతారు చెప్పండి?

గడ్డిపరక:
రాజు గారు అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. కానీ అభయారణ్యం పేరు చెప్పడం వేరు, గడ్డిలో ఫలానా గుబురు అని చెప్పడం వేరు.

ఈ పక్షి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు, ఉత్త నేల మీదే. పొదిగేది ఆడపక్షి ఒక్కతే, సుమారు నెల రోజులు. జీపు ఆగిందనుకోండి, అది లేచి మెల్లగా నడుచుకుంటూ పక్కకు వెళ్లిపోతుంది. ఫొటో తీసేవాళ్లు ‘అబ్బ, ఏం బెదరలేదు’ అనుకుంటారు. అక్కడ గుడ్డు ఎండకు మాడుతూ ఉంటుంది, కాకి చూస్తూ ఉంటుంది. కుక్కలు, నక్కలు, ఉడుములు సరేసరి. ఆ ఒక్క గుడ్డు పోతే చాలాసార్లు ఆ ఏడాది ఆ పక్షికి సంతానం లేనట్టే.

వాటి గుడ్ల కాలం ముఖ్యంగా ఎండాకాలం చివర్నుంచి వర్షాకాలం దాకా. పొద్దుపొడుపు గారు చలికాలంలో వెళ్లారు, అది సరైన సమయం. మీరూ చలికాలంలోనే వెళ్లండి. మగపక్షి ఆట చూడాలని వానాకాలంలో మాత్రం దయచేసి వెళ్లొద్దు. అది ఏటా దాదాపు అదే చోటుకు వచ్చి ఆడుతుంది. ఒక్కసారి పిన్ బయటికొచ్చిందంటే ఏటా అక్కడ జీపులే.

ఇంకోటి, పక్షులు చూసినవాళ్లు రికార్డులు పెట్టే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో కూడా ఇలా ప్రమాదంలో ఉన్న జాతుల రికార్డుల చోటు మిగతావాళ్లకు కనపడకుండా దాచేస్తారు. మన నిర్వాహకులు కొత్తగా కనిపెట్టిన చాదస్తం కాదిది.

కొత్తరెక్కలు:
మగపక్షి ఆట అంటే ఏంటండీ? నెమలిలా పురి విప్పుతుందా?

పాత కర్నూలోడు:
నేను చెప్తా పాపా. రోళ్లపాడులో చూసినోణ్ణి.

మాది నందికొట్కూరు పక్క. 80ల్లో రోళ్లపాడులో బట్టమేకలుండాయని పేపర్లలో వచ్చినాక బొంబాయి నుంచి బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) వాళ్లు వచ్చి మకాం పెట్టినారు. నేనప్పుడు డిగ్రీ. ఊరికే సైకిలేసుకుని పోయేవాణ్ణి. వాన పడి గడ్డి మొలిచినాక మగది ఒక మిట్ట మీద నిలబడేది. గొంతు కింద తిత్తి గాలి పోసుకుని ఊదుకునేది, అది వేలాడి వేలాడి మోకాళ్ల దాకా వచ్చేది. తోక వీపు మీదికి ఎత్తేది. అప్పుడు లోపల్నుంచి ‘హూమ్’ అని ఒక మూలుగు. అర కిలోమీటరు దాకా వినపడేది. గాలి మన వైపుంటే ముందు చెవికే తెలిసేది, ఆ తర్వాతే కంటికి.

మా ఊళ్లలో దాన్ని ఎవరూ వింత పక్షిగా చూడలేదు. శనక్కాయ చేలల్లో, జొన్న కోసిన చేలల్లో మిడతలు ఏరుకుంటూ తిరిగేది. అదీ సంగతి, అది అడవి పక్షి కాదు. బీడు, చేను, మళ్లీ బీడు, అట్ల కలిసి ఉండే చోటే దానికి కావాల.

1988లో అభయారణ్యం చేసినారు. ఆరు చదరపు కిలోమీటర్లు, అంతే. దానికి కంచె, కాపలా. ఇప్పుడు అక్కడికి పోతే కృష్ణజింకలుంటాయి, తోడేలు కనపడొచ్చు, చలికాలం సాయంత్రాలు పిల్లిగద్దలు గుంపులు గుంపులుగా గడ్డిలోకి దిగుతాయి. ఆ దృశ్యం కోసం పోవచ్చు, నిజంగా బాగుంటది. బట్టమేక మాత్రం లేదు.

కొత్తరెక్కలు:
అభయారణ్యం చేశాక కూడా ఎందుకు పోయాయి సార్? కాపలా ఉందిగా!

పాత కర్నూలోడు:
కాపలా ఆరు చదరపు కిలోమీటర్లకు. ఆ పక్షి తిరిగేది దానికి ఎన్నో రెట్లు. చుట్టూ మెట్ట సేద్యం ఉన్నన్నాళ్లు నడిచింది. కాలవ నీళ్లు వచ్చినాయి, బీళ్లు దున్నినారు, పైర్లు మారినాయి. రైతును నేను తప్పు పట్టను. నీళ్లొస్తే ఎవడైనా దున్నుతాడు.

ఇంకోపక్క కాపలా పుణ్యాన కృష్ణజింకలు వందల్లోకి పెరిగినాయి. రాత్రిళ్లు చేలల్లో పడి మేసేవి. ‘పిట్ట పేరు చెప్పి జింకలను మా మీదికి తోలినారు’ అనేది ఊళ్లలో మాట. పిట్ట మీద అభిమానం పోయిందక్కడే.

చెట్టుకొమ్మ:
కాలవ మీదే అంతా తోసెయ్యడం నాకు మింగుడు పడదు. మధ్యప్రదేశ్‌లో కరేరా కూడా ఈ పక్షి కోసమే పెట్టిన అభయారణ్యం, అక్కడా ఒక్కటీ మిగల్లేదు. మహారాష్ట్రలో నానజ్‌ది దాదాపు అదే కథ. కచ్‌లో నలియా దగ్గర మిగిలినవి ఆడపక్షులే అంటున్నారు. ఇన్నిచోట్ల కాలవలు రాలేదుగా! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు జీపులేసుకుని తుపాకులతో వేటాడిన లెక్క ఎవరు కడతారు? పదేళ్లు పైబడి బతికే పక్షి, ఏడాదికి ఒక్క గుడ్డు. వేట ఆగిన తర్వాత కూడా ఆ దెబ్బ తరాల తరబడి తగులుతూనే ఉంటుంది.

గడ్డిపరక:
ఇద్దరిదీ నిజమే గానీ, ఒక ఉమ్మడి కారణం చెప్పనా? మన రెవెన్యూ లెక్కల్లో గడ్డినేల అంటే ‘బంజరు’. చెట్లు నాటాలన్నా, పరిశ్రమ పెట్టాలన్నా, సోలార్ పలకలు పరచాలన్నా ముందు కళ్లు పడేది దాని మీదే. కొన్నిచోట్ల అటవీశాఖే పచ్చదనం పేరుతో గడ్డినేలల్లో చెట్లు నాటించింది. బట్టమేకకు చెట్ల గుబురు అంటే శత్రువు దాక్కునే చోటు. దానికి కనుచూపు మేర ఖాళీ కావాలి. జైసల్మేర్‌లో అది ఇంకా మిగిలి ఉందంటే ఓరణ్‌ల పుణ్యం కూడా ఉంది. దేవుడి పేరిట ఊరు వదిలేసిన మేతభూములవి, అక్కడ చెట్టు కొట్టరు, దున్నరు. ఇప్పుడు తీగలు పడుతున్నది ఆ ఓరణ్‌ల మీదుగానే.

కరెంటు కిట్టయ్య:
తీగల ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను నోరు విప్పాలి. ట్రాన్స్‌మిషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పక్షుల గురించి నాకు తెలిసింది తక్కువ, తీగల గురించి కొంచెం తెలుసు.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పక్షి తిరిగే ప్రాంతాల్లో లైన్లు భూమిలోపల వేయాలంది, వీలుకాని చోట తీగలకు డైవర్టర్లు (పక్షులకు తీగ కనపడేలా వేలాడదీసే బిళ్లలు) కట్టాలంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించింది. సుమారు 99,000 చదరపు కిలోమీటర్లకు ఒకే నియమం పెట్టడం ఆచరణలో కుదరదని చెప్పి, ఎక్కడ ఏం చేయాలో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది. పేపర్లలో ‘పిట్టా, కరెంటా’ అని రాశారు గానీ సాంకేతికంగా విషయం అంత మోటుగా లేదు.

11 కేవీ, 33 కేవీ లైన్లు భూమిలో వేయడం ఊళ్లలో రోజూ చేస్తున్న పనే. ఖర్చు ఎక్కువ, అంతే. 400 కేవీ, 765 కేవీ ఏసీ లైన్లతోనే చిక్కు. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ఛార్జింగ్ కరెంటే (కేబుల్ తనలో నింపుకునే కరెంటు) కేబుల్ సామర్థ్యాన్ని తినేస్తుంది. మధ్యమధ్యలో దాన్ని సర్దే రియాక్టర్లనే పరికరాలు పెట్టాలి, జాయింట్లు పెరుగుతాయి, ఒకచోట పాడైతే తవ్వి వెతకాలి. ఎడారి ఇసుకలో వేడి బయటికి పోవడం కూడా కష్టం. కాబట్టి ‘అన్నీ పాతిపెట్టండి’ అనేవాళ్లూ, ‘ఒక్కటీ కుదరదు’ అనేవాళ్లూ ఇద్దరూ సగమే చెబుతున్నారు. చిన్న లైన్లు పాతొచ్చు, పెద్ద లైన్ల దారి మళ్లించొచ్చు.

నాదీ ఒక సందేహం. అంత పెద్ద తీగ పక్షికి కనపడదా?

గడ్డిపరక:
మంచి ప్రశ్న కిట్టయ్య గారూ. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఎవరొస్తున్నారో బాగా కనపడుతుంది, ఎదురుగా చూపు తక్కువ. ఎగిరేటప్పుడు కింద నేల వైపు చూస్తుంటే ముందున్నది అసలు కనపడకపోవచ్చు. మగది పది, పదిహేను కిలోల దాకా తూగుతుంది. తీగ దగ్గరికొచ్చాక చూసినా, అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. డైవర్టర్లు దూరం నుంచే మెరుస్తూ తిరుగుతాయి కాబట్టి కొంత నయం. కానీ అవి ఊడిపోతుంటాయి, రాత్రిపూట అంతగా ఉపయోగపడవు.

లెన్స్‌రాజు:
ఇదంతా వింటుంటే పోవాలా వద్దా అనిపిస్తోంది. సామ్‌లో బట్టమేకల పెంపక కేంద్రం ఉంది కదా, అక్కడ చూడనిస్తే సరిపోయేది! దగ్గర్నుంచి ఫొటో కూడా వస్తుంది.

చెట్టుకొమ్మ:
బోనులో పక్షిని లైఫర్ లిస్టులో వేసుకుంటారా రాజు గారూ? జంతుప్రదర్శనశాలకు పోతే ఒక్కరోజులో మీ లిస్టు నిండిపోతుంది మరి.

లెన్స్‌రాజు:
నేను ఫొటో అన్నాను, లిస్టు అన్లేదు 😀

గడ్డిపరక:
చూడనివ్వరు లెండి, అది సందర్శకుల కోసం కట్టింది కాదు. 2019లో అడవిలోంచి తెచ్చిన గుడ్లను ఇంక్యుబేటర్లలో పొదిగించి మొదలుపెట్టారు. ఆ తర్వాత రామ్‌దేవ్రాలో ఇంకో కేంద్రం వచ్చింది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. రామ్‌దేవ్రాలో మగపక్షి నుంచి వీర్యం సేకరించి సామ్‌లో ఉన్న ఆడపక్షికి వాడారు. ఇదంతా గొప్ప పనే. కానీ మనిషి చేతిలో పెరిగిన పక్షికి నక్కను చూస్తే భయపడాలని ఎవరు నేర్పాలి? వాటి పిల్లల్ని మనిషి వాసన తగలకుండా పెంచి బయట వదలాలి. వదలడానికి తీగలు లేని నేల కావాలి. మళ్లీ అక్కడికే వస్తాం.

చెట్టుకొమ్మ:
లిస్టు అన్నారు కాబట్టి అసలు కొట్లాట పెడతా. పొద్దుపొడుపు గారూ, అర కిలోమీటరు అవతల, ఆవిరిలో వణుకుతున్న పక్షి. పక్కన గార్డు చెప్పకపోతే మీరంతట మీరు గుర్తుపట్టేవారా? నా లెక్కలో అది ‘చూపించబడింది’, ‘చూశాను’ కాదు.

పొద్దుపొడుపు:
హహ. వణికింది ఎండెక్కాక. అంతకుముందు స్కోప్‌లో రొమ్ము పట్టీ, టోపీ, మెడ, నడక అన్నీ చూశాను. మీటరు ఎత్తు పక్షి ఆ మైదానంలో ఇంకోటి లేదు. అక్కడే తిరిగే మెక్వీన్ బస్టర్డ్ ఇందులో సగం కూడా తూగదు, మెడ పక్కన నల్లగీత ఉంటుంది. లిస్టులో వేసేశా, తీయను.

గార్డు చూపించాడు, నిజమే. ఆ గార్డు లేకపోతే చూడ్డానికి పక్షే ఉండేది కాదు కదా, అతని వాటా అతనికి ఇచ్చేద్దాం.

పాత కర్నూలోడు:
అట్ల చెప్పు నాయనా! ఈ లిస్టుల గోల నాకు అర్థం కాదుగానీ, నడక చూసినానన్నావే, అది చాలు. ఆ నడక ఇంకే పక్షికీ లేదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు దీన్నే జాతీయ పక్షి చేయాలన్నారు. 1963లో నెమలికి దక్కింది. ఇది అయ్యుంటే రోళ్లపాడుకు ఇంత గతి పట్టేదా అని అప్పుడప్పుడు అనుకుంటా.

చెట్టుకొమ్మ:
పులి జాతీయ జంతువే, వేటగాళ్లు ఆగారా పెద్దాయనా? అయినా మీ బాధ అర్థమైంది.

దక్కన్ డేగ:
మీరంతా రాజస్థాన్ దాకా పోతున్నారు. కర్ణాటకలో సిరుగుప్ప వైపు ఇంకా కొన్ని ఉన్నాయి, మన సరిహద్దు పక్కనే. మా మిత్రుడు చూశాడు. ఊరి పేరు, చెరువు పక్క దారి [నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు:
దక్కన్ డేగ గారూ, పైన చెప్పిన నిబంధనే. అక్కడ మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మీ మిత్రుడి రికార్డు అటవీశాఖకు చేరిందో లేదో కనుక్కోండి, చేరకపోతే మాకు విడిగా రాయండి.

దక్కన్ డేగ:
సరే సరే. రాస్తాను.

కొత్తరెక్కలు:
పొద్దుపొడుపు గారూ, నేనూ అమ్మా వచ్చే చలికాలంలో వెళ్దామనుకుంటున్నాం. బైనాక్యులర్ తప్ప నా దగ్గర ఏమీ లేదు. బట్టమేక కనపడకపోతే మిగతా ప్రయాణం దండగేనా?

పొద్దుపొడుపు:
దండగేం కాదమ్మా. కనపడకపోవడానికే ఎక్కువ అవకాశం, అది ముందే మనసులో పెట్టుకుని వెళ్లండి. పెంపక కేంద్రాల్లోవి కాకుండా మొత్తం దేశంలో సుమారు 150 మాత్రమే ఉన్న పక్షి అది.

వీటియర్లనే చిన్న పిట్టల్నే ఒక రోజంతా చూడొచ్చు, ఒక్కో రకానికీ తేడా తోకలో ఉంటుంది. పొదల మీద స్టోలిచ్‌కా బుష్‌చాట్ కోసం వెతకండి. అది కూడా అరుదైనదే, దాని కోసం జీపుల వరస ఉండదు కాబట్టి మీరొక్కరే ప్రశాంతంగా చూసుకోవచ్చు. నీటి గుంటల దగ్గర పొద్దున్నే శాండ్‌గ్రౌజ్‌లు గుంపులుగా దిగుతాయి. వచ్చేటప్పుడు ఫలోదీ పక్కన ఖీచన్‌లో ఆగండి, చలికాలమంతా వేల కొద్దీ డెమోయిజెల్ కొంగలు ఉంటాయి. అమ్మగారికి అదే ఎక్కువ నచ్చుతుంది చూడండి.

తెల్లవారుతుండగానే కంచె దగ్గరుండాలి, ఎండెక్కితే బైనాక్యులర్‌కు ఏమీ ఆనదు. జీపు దిగొద్దు. పక్షి తల పైకెత్తి మీ వైపే చూస్తూ నిలబడిపోయిందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు, డ్రైవర్‌కు వెనక్కి తీయమని చెప్పండి. వాళ్లు టిప్పు కోసం ముందుకే పోనిస్తారు, మీరే ఆపాలి.

లెన్స్‌రాజు:
ఇది నా కోసమే రాసినట్టుంది 🙏 సరే, మేం కూడా నెల తర్వాత కాకుండా చలికాలానికి వాయిదా వేసుకున్నాం. లెన్స్ తెస్తా గానీ ముందు స్కోప్‌లోనే చూస్తా. స్కోప్ ఎవరైనా ఇస్తారా?

పొద్దుపొడుపు:
నాది తీసుకెళ్లండి. ట్రైపాడ్ మాత్రం మీదే తెచ్చుకోవాలి, నాది కాలు విరిగింది. కొత్తరెక్కలు, మీరూ అమ్మగారూ వీళ్లతో కలిసి వెళ్తే మీకూ స్కోప్ దొరుకుతుంది, ఒక జీపు తగ్గుతుంది కూడా.

కొత్తరెక్కలు:
అమ్మను అడిగి చెప్తా. రాజు గారూ, డిసెంబరా, జనవరా?